రచ్చకట్ట మీద కూతగాండ్రు

అనంతపురపు పీఠభూమిలో వాన తగ్గినకొలది వాదము పెరుగును. నైరృతి మేఘము తన భారమంతయు పడమటి కనుమలకు సమర్పించుకొని, వానచాటున నున్న ఈ ఎఱ్ఱనేలకు చేరునప్పటికి దానియందు మిగులు తడి స్వల్పము. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియు ఆ కొద్ది వానయు అదను తప్పి కురియుట ఇచట పరిపాటి. కావున వేరుశనగ విత్తిన వెనుక మొగమెత్తి మింటిని చూచుట తప్ప వేఱు పని లేని దినములు రైతునకు పెక్కు గలవు. అట్టి దినములలో వేపచెట్టు క్రింది రచ్చకట్టయే న్యాయస్థానమును శాసనసభయు నగును. ఒకప్పుడచట పక్షములు కర్ణార్జునులను గూర్చి, ఆ పిమ్మట ఎన్నికలను గూర్చి ఏర్పడుచుండెడివి. 2014 జులైలో ప్రొ కబడ్డీ లీగు టీవీలో మొదలైన నాటినుండి తెలుగు టైటన్స్ జట్టు రెయిడర్లను గూర్చి ఏర్పడుచున్నవి.

కళ్యాణదుర్గము దారిలోని ఒక పల్లెలో నేను వినిన వాదమిది. వాదులిద్దఱును మేనమామయు మేనల్లుడును. మామకు డెబ్బదియేండ్లు సమీపించినవి; యౌవనమున పెన్నయేటి ఇసుకలో చెడుగుడు ఆడి, కూతకు పోయి ఉత్తచేతులతో తిరిగి వచ్చినవాడు కాడని ఆయనకు చుట్టుప్రక్కల ఖ్యాతి గలదు. (ఆ ఖ్యాతికి ప్రధాన ప్రచారకుడు ఆయనయే యని విన్నాను.) అల్లుడు అనంతపురములోని ఒక డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రము చెప్పువాడు, లెక్క చూపనిదే వాన కురిసినదన్నను నమ్మడు. మామ పక్షము రాహుల్ చౌదరి, అల్లుని పక్షము పవన్ సెహ్రావత్. వారి మాటలలోని యాసను కొంత సవరించి వ్రాసితిని. తిట్లను పూర్తిగా తీసివేసితిని.

మామ: అల్లుడా, 2025లో మన జట్టు తుదిపోటీకి ఒక్క మెట్టు దిగువ వఱకు వచ్చి పుణెరి పల్టన్ చేతిలో ఓడినది గదా, ఆ రాత్రి నాకు పాత రాహుల్ చౌదరి జ్ఞాపకమునకు వచ్చినాడు. ఎక్కడి బిజ్నోరు, ఎక్కడి విశాఖపట్టణము! ఉత్తరప్రదేశము నుండి వచ్చి, మన భాష రాక, మన తిండి ఎఱుగక, మొదటి సీజన్ మొదలుకొని ఆఱు సీజన్లు మన జట్టు చొక్కాతోనే ఆడినాడు. లీగు మొత్తములో 500 రెయిడ్ పాయింట్లను అందఱికంటె ముందు దాటినవాడు వాడే. 2016లో నాలుగవ సీజన్ ముగియునప్పటికి ఉత్తమ రెయిడరు వాడే. వాని తరువాత మన జట్టులో కూతకు పోయినవారెవ్వరైనను నాకు వాని నీడలుగనే కనబడుచున్నారు.

అల్లుడు: మామా, మీరు చెప్పినది వాని విశ్వాసమును గూర్చి, నేనడుగునది వాని ఆటను గూర్చి. ఆఱు సీజన్లు ఒక్క జట్టులో నుండుట మంచి గుణమే, దానికి నమస్కారము. కాని పవన్ సెహ్రావత్ 2019లో బెంగళూరు బుల్స్ తరపున హరియాణా స్టీలర్స్ మీద ఒక్క పోటీలో 39 రెయిడ్ పాయింట్లు తెచ్చినాడు. నలువది నిమిషముల ఆటలో, ముప్పది సెకన్లకొక కూత చొప్పున, రెండు జట్లకును కలిపి ఎనుబది కూతలు. అనగా ఒక్కొక్క జట్టుకు నలువది. ఆ నలువదిలో తన పాలికి వచ్చిన కూతలతో ఒక్కడే 39 తెచ్చినాడనగా ఆలోచింపుడు! అట్టివానిని మన టైటన్స్ 2023 వేలములో రెండు కోట్ల అరువది లక్షల ఏబదివేల రూపాయలకు కొన్నది. ఆ లీగులో అప్పటికి అంత ధర పలికినవాడు లేడు.

మామ: ధర సంతలో ఎద్దునకును పలుకును. కొమ్ములకు రంగు వేసి గంట కట్టిన ఎద్దును కొని, మడకకు కట్టిన దినమున నెత్తి కొట్టుకొన్నవారిని నేను చూచినాను.

అల్లుడు: అయితే మడకనే చూతము. ఆ పదియవ సీజన్‌లో పవన్ మన జట్టుకు 200కు మించి రెయిడ్ పాయింట్లు తెచ్చినాడు. రాహుల్ తొలి సీజన్‌లో తెచ్చినవి 151. ఇదియే మడక, ఇదియే దున్నిన చాలు.

మామ: అల్లుడా, నీవు చదువు చెప్పువాడవు, నేను పొలము దున్నువాడను, ఐనను నిన్నొకటి అడుగుదును. ఆ మొదటి సీజన్‌లో జట్లు ఎన్ని?

అల్లుడు: ఎనిమిది.

మామ: ఒక్కొక్క జట్టు ఆడిన లీగు పోటీలు?

అల్లుడు: పదునాలుగు.

మామ: మీ పవన్ నాటికి?

అల్లుడు: జట్లు పండ్రెండు, పోటీలు ఇరువదిరెండు, అందులో అతడాడినవి ఇరువదియొకటి.

మామ: ఇప్పుడు భాగించు.

అల్లుడు కొంతసేపు మాటాడలేదు. పదునాలుగింటిలో 151 అనగా పోటీకి పదునొకండునకు ఇంచుక తక్కువ. ఇరువదియొకటిలో 200 పైచిలుకనగా పదికి లోపు. ఇంతటి చిన్న భాగాహారమును మఱచి, మొత్తముతో మొత్తమును పోల్చుట గణాంకశాస్త్రజ్ఞునకు తగని పనియని అతడు తలవంచుకొన్నందువలన కాదు, మామ ఆ లెక్కను మనస్సులో ముందే చేసికొని వచ్చి, ఒక్కొక్క ప్రశ్నగా తనను గోతివద్దకు నడిపించినాడని గ్రహించినందువలన మాటాడలేదని నాకు తోచినది. రచ్చకట్ట మీదివారు నవ్వినారు. ఎవరో ఉగ్గాని పొట్లము విప్పి మిరపకాయ బజ్జీలు పంచినారు.

అల్లుడు: సరే మామా, సగటు మీదే. కాని సగటునకు వెనుక ఎదురాళ్లున్నారు. 2014లో ఆ ఎనిమిది జట్లలోని పట్టుగాండ్రు రైల్వేలనుండి, సర్వీసెస్ నుండి, పోలీసు జట్లనుండి అప్పుడే పోగై వచ్చినవారు. ప్రక్కవాని చేయి ఎప్పుడు పట్టవలెనో, గొలుసు ఎప్పుడు బిగింపవలెనో వారికింకను అలవడలేదు. నేడో, ఒక రెయిడరు ఏ కాలు ముందు వేయును, బోనసు గీతకు ఏ ప్రక్కనుండి పోవును, వెనుకకు మరలునప్పుడు ఏ భుజము వంచును అనునది ప్రతి శిక్షకుని గదిలోను తెరమీద వేసి, ఆపి, త్రిప్పి చూచుచున్నారు. అట్లు విప్పి చూడబడిన పిదపను పోటీకి దగ్గర దగ్గర పది తెచ్చుట, ఎవ్వడును విప్పి చూడని దినములలో పదునొకండు తెచ్చుటకంటె కష్టమని నా మనవి.

మామ: విప్పి చూచుట ఇరుప్రక్కల నున్నది గదా! పట్టువారు వీని కాలు చూచినట్లే వీడును పట్టువారి చేతులు చూడవచ్చును. రాహుల్‌కు ఆ సౌకర్యము లేదు. ఎదుట నిలిచిన ఏడుగురిలో ఎడమ మూలవాడు తొందరపాటువాడో, నిదానివాడో వానికి తెలియునది లోనికి పోయిన తరువాతనే. పరుగెత్తుచునే చేయి చాచి తాకి, తాకినది ఎదుటివానికి తెలియులోపలనే గీత దాటెడి ఆ విద్య తెరమీద చూచి నేర్చినది కాదు.

అల్లుడు: పోనిండు, దేశము తరపున ఆడినది చూతము. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో, 1990 బీజింగ్ మొదలు ఏడుసార్లు వరుసగా స్వర్ణము తెచ్చిన మన పురుషుల జట్టు సెమీఫైనల్‌లో ఇరాన్ చేతిలో ఓడి కాంస్యముతో తిరిగి వచ్చినది. ఆ జట్టులో రాహుల్ ఉన్నాడు. 2023లో హాంగ్జౌలో ఆ ఇరాన్‌నే తుదిపోటీలో 33-29తో ఓడించి స్వర్ణము మరల తెచ్చినప్పుడు నాయకుడు పవన్.

మామ: 2016లో అహమ్మదాబాదులో ప్రపంచకప్ గెలిచినప్పుడును ఎదుట నున్నది ఇరానే, ఆ జట్టులోను రాహుల్ ఉన్నాడు. దానిని మఱచితివి. ఇక నీ హాంగ్జౌ ముచ్చట నేనును టీవీలో చూచినాను. ఆట చివఱకు వచ్చినది, ఇరువురును సమానముగ నున్నారు, పవన్ కూతకు పోయి ఎవ్వరిని తాకకమునుపే ప్రక్కనున్న లాబీలో కాలు పెట్టినాడు, వానివెంట ఇరాన్ వారును లాబీలోనికి దూకినారు. పాత నియమము చొప్పున ఒక లెక్క, క్రొత్త నియమము చొప్పున మఱియొక లెక్క; నడువుమనువాడొకడు, నిలువుమనువాడొకడు; ఆట ఆగిపోయి, పెద్దలు కూడి, ఒకసారి ఇచ్చిన తీర్పును మరల మార్చి, తుదకు మనకు పాయింట్లు వచ్చినవి. స్వర్ణము వచ్చినందుకు నేనును సంతోషించినాను. కాని ఆ పాయింట్లు పవన్ కాలివో, నియమావళి పుటవో నీవు చెప్పగలవా?

ఈ ప్రశ్నకు అల్లుడు సమాధానము చెప్పలేదు. చెప్పగలవాడు ఎవడును ఉండడనుకొందును. కాని వాదము ఇచటినుండి మలుపు తిరిగినందున పాఠకుని కొంత నిలుపవలసియున్నది. ఇంతవఱకును ఇరువురును ఒక మనుష్యుని మఱియొక మనుష్యునితో తూచుచుండిరి. ఒకే జట్టుకు వేర్వేఱు కాలములలో కూతకు పోయినవారిని తూచునప్పుడు త్రాసులో వారిని మాత్రమే పెట్టి, వారు ఎవరి ముందర నిలిచి, ఎవరిని వెనుక నిడుకొని పోయిరో ఆ సంగతిని క్రింద విడిచిపెట్టుట మన క్రీడాభిమానులకు సహజమైన పొరపాటు. దానిని ముందుగా ఎత్తినది అల్లుడే. దానిచే ఎక్కువ నష్టపోయినదియు అతని పక్షమే.

అల్లుడు: మామా, అమెరికాలో ఒక ఆట యున్నది. దానిని ఫుట్‌బాల్ అందురు గాని కాలితో తన్నుట తక్కువ. బంతిని చంక నిడుకొని ఎదుటి గోడను చీల్చుకొని పరుగెత్తుట ఎక్కువ. అట్లు పరుగెత్తువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. మన కూతగానికి సమీపబంధువు. అచ్చటివారును మనవలెనే పాతవాని క్రొత్తవాని పోల్చి కలహించుకొందురు. బ్యారీ సాండర్స్ అనువాడు డెట్రాయిట్ జట్టులో పది సీజన్లు ఆడి 15,269 గజములు పరుగెత్తినాడు. వాని ఎదుట నిలిచినవారు గాలిని పట్టుకొనిరని ప్రతీతి. కాని ఆ పదేండ్లలో ఆ జట్టు ప్లేఆఫ్ దశలో గెలిచినది ఒక్క పోటీ. అదే కాలమున డల్లస్ జట్టులో మొదలిడిన ఎమిట్ స్మిత్ 18,355 గజములతో నేటికిని అగ్రగణ్యుడు, మూడు సూపర్‌బౌల్ విజయములలో పాలుగొన్నాడు; కాని అతనికి దారి తీయుటకు ముందు నిలిచిన స్థూలకాయుల వరుస ఆ దినములలో ప్రసిద్ధమైనది. ఎవడు గొప్ప అని అడిగిన, పరుగు చూచినవాడు సాండర్స్ అనును, పతకము చూచినవాడు స్మిత్ అనును. మన పవన్ సాండర్స్ వంటివాడు. 2023-24లో మన జట్టు ఇరువదిరెండు పోటీలలో రెండు గెలిచి అట్టడుగున నిలిచినది. అది వాని తప్పా?

మామ: వాని తప్పని నేననలేదు. అంతకుముందు సిద్ధార్థ్ దేశాయ్ వచ్చినప్పుడును ఇదే కథ. కొల్హాపురపు పిల్లవాడు, బాహుబలి యని పేరు, ముగ్గురు పట్టుకొన్నను ఈడ్చుకొని వచ్చెడి భుజములు. 2019లో కోటి నలువదియైదు లక్షలు పోసి తెచ్చిరి. వాడును 200 దాటించినాడు. జట్టు పండ్రెండింటిలో పదునొకండవది. ఆ తరువాతి సీజన్‌లో వాని భుజమునకు దెబ్బ తగిలి వాడు తప్పుకొనగా ఇరువదిరెండు పోటీలలో మనము గెలిచినది ఒకటి! ఆ తరువాత రెండు, పవన్ వచ్చిన పిదపను రెండు. మూడేండ్లలో అరువదియాఱు పోటీలకు ఐదు విజయములు. మన వేరుశనగ కూడ ఇంత మోసము చేయదు.

అల్లుడు: అందువలననే చెప్పుచున్నాను. అట్టి జట్టులో నుండి అన్ని పాయింట్లు తెచ్చినవాడు...

మామ: ఆగుము. నీ అమెరికావాని ఆటకును మన ఆటకును ఒక భేదమున్నది. నీ సాండర్సును పడగొట్టిన తరువాత ఏమగును?

అల్లుడు: లేచి మరల పరుగెత్తును.

మామ: మన ఆటలో పట్టుబడినవాడు?

అల్లుడు: బయట కూర్చుండును.

మామ: బయట కూర్చుండుట కాదు, చచ్చును. మేము అట్లే యనెడివారము. చచ్చినవాడు తనంతట తాను బ్రతుకడు, ప్రక్కవాడొకడు ఎదుటివానిని తాకి రావలెను, లేదా తక్కిన ఆఱుగురును ఎదుటి కూతగానిని పట్టవలెను, అప్పుడొకడు బ్రతుకును. అదియు వరుసలో. ముందు చచ్చినవాడు ముందు బ్రతుకును. ఎంత మొనగాడైనను తనకు ముందు ఇద్దఱు చచ్చియున్న యెడల మూడవ ప్రాణము వఱకు వాడు బెంచీ మీద కూర్చుండవలసినదే. బోనసు గీత దాటి తెచ్చిన పాయింటుకు అదియును లేదు. అంకె పెరుగును గాని ఎవ్వడును బ్రతుకడు. కావున, అల్లుడా, పట్టులేని జట్టులో రెండున్నర కోట్ల కూతగాడు ఎంత సేపు బయట కూర్చుండునో నీ పుస్తకములో ఎచ్చటనైనను వ్రాసియున్నదా?

ఇది మామ నోట నేను వినిన మాటలలో ఉత్తమమైనది. కబడ్డీలోని ఈ పునరుజ్జీవన నియమము ఇతర క్రీడలలో నున్నట్లు నేనెఱుగను. పూర్వము చెడుగుడులో మూడు పద్ధతులుండెడివి: చచ్చినవారు బ్రతుకు సంజీవని, జట్టంతయు చచ్చువఱకు ఎవ్వరును బ్రతుకని గామిని, ఎవ్వరును చావక పాయింట్లు మాత్రమే లెక్కకు వచ్చు అమర్. మనము నేడు టీవీలో చూచునది సంజీవని సంతతి. ఒకని ప్రాణము మఱియొకని చేతిలో నుండుట దీని ప్రాణము. కాబట్టి కూతగాని కౌశలమును విడదీసి కొలుచుట ఈ ఆటలో తక్కిన ఆటలకంటె దుష్కరము.

అల్లుడు: (ఉత్సాహముతో) మామా, మీరు నా పక్షమునకే బలము చేకూర్చినారు! పట్టులేని జట్టులో పవన్ ఎక్కువసేపు బయట కూర్చుండవలసి వచ్చినను 200 తెచ్చెనే, పట్టున్న జట్టులో నుండిన ఎన్ని తెచ్చియుండును?

మామ: తొందరపడకుము. పట్టులేని జట్టులోనే ఇంకొక సంగతియు జరుగును. వేఱు కూతగాడు లేకపోవుటచే ప్రతి కూతయు వానిదే. ఇతరుడు పోయి తేవలసిన పాయింటును వాని లెక్కలోనే పడును. ఇంటిలో సంపాదించువాడొక్కడే యైనప్పుడు వాని సంపాదన పెద్దదిగనే కనబడును.

అల్లుడు: అదియు నిజమే. అంతేకాదు, ఇప్పుడు తోచుచున్నది, ఓడెడి జట్టులో మొనగాడు బ్రతికి వచ్చుటకు ఇంకొక దారి యున్నది. ఏడుగురును చచ్చిన ఆలౌట్. ఎదుటివారికి రెండు పాయింట్లు అదనముగ సమర్పించుకొని అందఱును ఒక్కసారి బ్రతికి వత్తురు. అనగా జట్టు ఎంత త్వరగా కూలిన వాడు అంత త్వరగా మరల కూతకు పోవును. వాని సంఖ్యయు పెరుగును. జట్టు వినాశము వలన నాయకుని గణాంకము వర్ధిల్లుట! ఇట్టి విచిత్రమును నేను తరగతిలో చెప్పిన పిల్లలు నమ్మరు.

మామ: నమ్మరు గాని మన ఊరి పెద్దల సంగతి చెప్పిన నమ్ముదురు.

మరల నవ్వులు. ఆ పెద్దలెవరో పేరు చెప్పకున్నను అందఱకును అర్థమైనట్లున్నది. ఒకరిద్దఱు కండువా సవరించుకొన్నారు.

అల్లుడు: కాని మామా, ఈ న్యాయము రాహుల్‌కును వర్తించును. 2015లో మనము మూడవ స్థానమున నిలిచినప్పుడు వాడు ఒంటరివాడు కాడు. దీపక్ హుడా ఉన్నాడు, సుకేశ్ హెగ్డే ఉన్నాడు. వాడు చచ్చినప్పుడు బ్రతికించుటకు కూతకు పోవువారు ఇద్దఱుండిరి. మీరు పొగడు ఆ సగటులో వారి పాలెంత?

మామ: పాలున్నది. ఉన్నదని ఒప్పుకొందును. (ఆయన బజ్జీని రెండుగా విఱిచి, ఒక ముక్క నోట వేసికొని, నమలి, మ్రింగి, అప్పుడు చెప్పినాడు.) రాహుల్ మనలను విడిచి 2019లో తొంబదినాలుగు లక్షలకు తమిళ్ తలైవాస్‌నకు పోయినాడు. అజయ్ ఠాకూర్, మన్‌జీత్ చిల్లర్ వంటి పేరుమోసిన వారందఱు ఆ జట్టులో నుండిరి; ఐనను ఆ ఏడాది అట్టడుగున నిలిచినది వారే, మనకంటెను క్రింద. 2022లో జైపూర్ పింక్ పాంథర్స్ కప్పు గెలిచినప్పుడు రాహుల్ ఆ జట్టులో నున్నాడు గాని, అప్పుడు కూతల భారము అర్జున్ దేశ్వాల్‌ది. మన జట్టులో తానే అంతయునై యున్నప్పుడు దొరకని కప్పు, ప్రక్కన కూర్చున్నప్పుడు దొరకినది. వాడేమనుకొనెనో!

అల్లుడు: పవన్ సంగతియు అట్లే. 2024లో అతడు గాయపడి కొన్ని పోటీలకు దూరమైనప్పుడు అందఱును ఇక మునిగితిమనుకొన్నారు. విజయ్ మలిక్ ముందుకు వచ్చినాడు, ఆశిష్ నర్వాల్ తోడైనాడు. ముందటేడు రెండు గెలిచిన జట్టు ఆ ఏడాది పండ్రెండు గెలిచినది. ఏడవ స్థానము. 2025 ఆగస్టు 29న విశాఖలో క్రొత్త సీజన్ తొలిపోటీలో పవన్ తమిళ్ తలైవాస్ చొక్కాతో మన ఎదుట నిలిచి గెలిచి పోయినను, సీజన్ చివఱి దశవఱకు నిలిచినది మనము. విజయ్ మలిక్ నాయకత్వము, భరత్ హుడా కూతలు. కాని ఆ ఇద్దఱిలో ఎవ్వరిని గూర్చియు మన రచ్చకట్ట మీద ఇంతవఱకు పక్షము లేర్పడలేదు.

మామ: ఏర్పడవు. ఒక్కడు మోసినప్పుడే జనమునకు పేరు గుర్తుండును. ఇద్దఱు మోసినప్పుడు బరువు మాత్రమే గుర్తుండును.

నాకు ఈ మాట పూర్తిగా నిజమని తోచదు. విజయ్ మలిక్ మోసిన బరువు తక్కువది కాదు, అతని పేరు గుర్తుండకపోవుట మన లోపము. కాని అడ్డుపడుటకు నేను శ్రోతను మాత్రమే. అంతలో చెట్టు మొదట ఇంతసేపు మౌనముగా కూర్చున్న ఒక బాలుడు, పాఠశాల జట్టులో ఆడువాడట, మన జట్టు పేరు తెలుగు గదా, కూతకు పోవువారు బిజ్నోరు, కొల్హాపురము, ఢిల్లీ, హరియాణాలనుండియే ఎందుకు వచ్చుచున్నారని అడిగినాడు. ఈ ప్రశ్నతో వాదులిద్దఱును ఒక్క క్షణము ఒక పక్షమైరి.

మామ: నాయనా, మాకు గడియారము లేదు. ఊపిరియే గడియారము. కూత ఎత్తి, గీత దాటి, లోనికి పోయి, ఎదుటివారు చుట్టుముట్టినను కూత తెగకుండ తిరిగి రావలెను, తెగినదా, చచ్చితివి. ఆ ఊపిరి మీకున్నది. ఎండలో మైళ్లు నడిచి బడికి పోవు పిల్లలకు ఊపిరికి కొదువ లేదు. కాని ఇప్పుడు ముప్పది సెకన్లు చూపు గడియారమున్నది, క్రింద ఇసుక లేదు.

అల్లుడు: ఇసుకలో ఆడినవాడు పడుటకు జంకడు గాని, కాలు నాటుకొనిపోవుటచే పరుగులో మలుపు మెల్లనగును. మ్యాట్ మీద బూట్లతో ఆడునప్పుడు మడమ పట్టు వేఱు, మరలుట వేఱు, చీలమండ పట్టువాని చేతినుండి తప్పించుకొను ఒడుపు వేఱు. పదుమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల మ్యాట్ పఱచుటకు నీడగల చోటు కావలెను, దినదినము దానిమీద ఆడించు శిక్షకుడు కావలెను. హరియాణా గ్రామములలో ఆడినవానికి రైల్వేలోనో పోలీసులోనో కొలువు దొరకునను ఆశ కలదు; ఆ ఆశతో తల్లిదండ్రులు పంపుదురు. మన వైపు తండ్రి అడుగు మొదటి ప్రశ్న, వీడు ఆటకు పోయిన చెనక్కాయ ఎవడు పెఱుకును అని.

మామ: అడుగుటలో తప్పేమి? నేనును అడిగినాను నా కొడుకును.

ఆ కొడుకు ఇప్పుడు బెంగళూరులో నున్నాడని తరువాత తెలిసినది. ఆటకును పోలేదు, చేనికిని రాలేదు.

బాలునకు ఈ సమాధానము చాలినట్లు కనబడలేదు, చాలదు కూడ. కాని వాదులిద్దఱికిని తమ పాత ప్రశ్న మీదికి మనస్సు మరలినది. అల్లుడు చొక్కా జేబునుండి ఒక కాగితము తీసి, రాహుల్ ఆఱు సీజన్లకును పవన్ సీజన్లకును రెండు నిలువు గీతలు గీసి, వాని ప్రక్కన మూడవ గడి యొకటి చేర్చినాడు. దాని శీర్షిక: ‘బయట కూర్చున్న కాలము’.

అల్లుడు: మామా, ఈ గడిని నింపుటకు పాత పోటీలన్నింటిని మరల చూడవలెను. కూతగాడు పట్టుబడిన క్షణమునుండి మరల గీత లోపలికి వచ్చువఱకు నిమిషములు వ్రాసికొందును. అప్పుడు వాడు లోపలనున్న నిమిషములతో పాయింట్లను భాగింతును. సరియేనా?

మామ: సరి. కాని ఆలౌట్‌తో బ్రతికి వచ్చినప్పటి నిమిషములను అందులో కలుపవద్దు. అది వాని సంపాదనగాని, వాని తోడివారి సంపాదనగాని కాదు.

అల్లుడు: కలుపకపోయిన లెక్క తప్పును. ఎట్లు బ్రతికినను లోపల నున్నది నిజమే గదా!

మామ: ఎట్లు బ్రతికెననునదే గదా మనమడుగుచున్నది!

అల్లుడు: అట్లైన వేఱుగ ఇంకొక గడి గీయవలెను.

మామ: గీయుము. రాహుల్‌కు ముందు గీయుము.

అల్లుడు: ఎందుకు? అక్షరక్రమములో పవన్ ముందు.

మామ: వచ్చిన క్రమములో రాహుల్ ముందు.